ఒక్క గాటుతో పిత్తాశయమును తీయుట: ఎవరికి తగును, ఎవరికి తగదు?

పాఠశాల వార్షిక సంచికలో పిత్తాశయమును గూర్చిన వ్యాసమేల యని కొందరు తలిదండ్రులకు తోచవచ్చును. మేము వైద్యులము కాము, ఉపాధ్యాయులము. ఐనను పిల్లల చదువును గూర్చి మాటలాడుటకు వచ్చిన తలిదండ్రులు ఇంటియందలి అనారోగ్యములను గూర్చియు మాతో ముచ్చటించుచుందురు. ఆసుపత్రివారిచ్చిన కాగితములు ఇంగ్లీషున నుండుటచేత వానిని చదివి చెప్పుమని తెచ్చువారును గలరు. ఆ కాగితములలో తరచుగా కనబడునది పిత్తాశయపు రాళ్ళ సంగతి. దానివెంట వచ్చు ప్రశ్న యొకటి గలదు: “బొడ్డులోనుండి ఒక్క గాటుతో, మచ్చ యనునది కనబడకుండ తీసివేయుదురట గదా, మాకును అట్లే చేయింపవచ్చునా?”

ఈ ప్రశ్నకు ఔననిగాని కాదనిగాని ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. కొందరికి ఆ పద్ధతి చక్కగా సరిపడును. కొందరికి అది నిష్కారణముగ అపాయమును కొనితెచ్చుకొనుట యగును. ఎవరికి ఏది తగునో నిర్ణయించువారు వైద్యులే. కాని వారు ఏయే సంగతులను చూచి నిర్ణయింతురో తెలిసికొనుట ప్రతి గృహస్థునకును అవసరము. తెలిసినవాడు సరియైన ప్రశ్న వేయును; తెలియనివాడు ప్రకటన బల్లను చూచి మోసపోవును. అందుచేత ఈ విషయమును మాకు తెలిసినంతలో వివరించుచున్నాము.

పిత్తాశయ మనగా నేమి?

గోదావరి తీరమున చేపను బాగుచేయుట తెలియని యిల్లు అరుదు. చేపను కోయునప్పుడు మన ఆడవారు చేదుకట్టు చిట్లకుండ ఎంతయో నేర్పుతో తీసివేయుదురు. అది చిట్లినచో ఎంత ధరపెట్టి కొన్న పులసయైనను కూర చేదెక్కిపోవును. అట్టి చేదుకట్టే మనుష్యుని పొట్టలోను గలదు. దానినే పిత్తాశయమందురు. కుడిప్రక్క డొక్కల క్రింద, కాలేయమున కడుగున అంటుకొని యుండు చిన్న సంచి యది. పొడవు 7 మొదలు 10 సెంటీమీటర్లుండును. కాలేయము రాత్రింబగళ్ళు పసరును తయారుచేయుచుండును. అందు కొంత భాగమును ఈ సంచి నిలువచేసికొని చిక్కపరచును. మనము నూనె, నెయ్యి కలిగిన ఆహారమును తినినప్పుడు అది ముడుచుకొని పసరును ప్రేగులోనికి పంపును.

ఇచ్చట రెండు గొట్టముల సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. సంచినుండి వచ్చునది చిన్న గొట్టము. కాలేయమునుండి ప్రేగునకు దిగునది పెద్ద గొట్టము. చిన్నది పెద్దదానిలో వచ్చి కలియును. చిన్న గొట్టమును బంధించి కోసి, సంచిని తీసివేసినను మనుష్యునకు పెద్ద లోటు లేదు. పసరు కాలేయమునుండి నేరుగ ప్రేగులోనికి పోవుచునేయుండును. కాని పొరపాటున పెద్ద గొట్టము తెగినచో అది ఘోరమైన ఆపద. దానిని సరిచేయుటకు మరల పెద్ద ఆపరేషను కావలసివచ్చును. కొందరు ఏండ్ల తరబడి బాధపడుదురు. ఈ వ్యాసములో మేము చెప్పబోవు జాగ్రత్తలలో చాలభాగము ఈ పెద్ద గొట్టమును కాపాడుకొనుటకు సంబంధించినవే.

రాయి యున్నంతమాత్రమున ఆపరేషను కావలెనా?

పసరులో కొలెస్టరాలు అను కొవ్వు పదార్థము మితిమీరినప్పుడు అది కణికలుగ గడ్డకట్టి, క్రమక్రమముగ రాయి యగును. రక్తకణములు అధికముగ నశించు వ్యాధులు గలవారికి నల్లని రంగురాళ్ళు ఏర్పడును. ఇట్టి రాళ్ళు పిల్లలకు సైతము రావచ్చును. పురుషులకంటె స్త్రీలకు, అందును పలుమార్లు గర్భము ధరించినవారికి, స్థూలకాయులకు, త్వరత్వరగా బరువు తగ్గినవారికి ఈ రాళ్ళు వచ్చుట ఎక్కువ. మన దేశమున గంగామైదానపు రాష్ట్రములలో ఈ వ్యాధి దక్షిణాదికంటె హెచ్చు.

రాళ్ళున్న వారిలో నూటికి సుమారు 80 మందికి ఎట్టి బాధయు ఉండదు. వేరొక కారణముచేత స్కానింగు చేయించుకొన్నప్పుడు అవి బయటపడును. అట్టి మౌనముగనున్న రాళ్ళకు సాధారణముగ ఆపరేషను చేయనక్కరలేదు. రాయి 3 సెంటీమీటర్లకు మించియున్నను, సంచిగోడకు సున్నము పట్టినను, లోపల పెరిగిన పాలిప్ అను కండ 1 సెంటీమీటరు పరిమాణమునకు చేరినను వైద్యులు వేరుగ ఆలోచింతురు. అట్టి లక్షణములేవియు లేనప్పుడు, మచ్చలేని ఆపరేషను గలదు గదాయని అక్కరలేని ఆపరేషను చేయించుకొనుట వివేకము కాదు.

ఇక బాధ కలిగించు రాయి మాట వేరు. కుడి డొక్క క్రిందగాని, గుండెక్రింది గుంటయందుగాని నొప్పి వచ్చి, అరగంట మొదలు కొన్ని గంటలవరకు నిలిచి, కుడి భుజపు వెనుకకు ప్రాకును. విందుభోజనము చేసిన రాత్రి ఇది వచ్చుట పరిపాటి. మనవారు దీనిని గ్యాసని తలచి మాత్రలు మ్రింగుచు ఏండ్లు గడుపుదురు. ఇట్లు మరల మరల వచ్చువారికి పిత్తాశయమును తీసివేయుటయే సరియైన చికిత్స. రాళ్ళను మాత్రము తీసి సంచిని ఉంచినచో మరల రాళ్ళు పుట్టును. ఆలస్యము చేసినచో సంచి వాచి చీముపట్టవచ్చును; రాయి జారి పెద్ద గొట్టమునకు అడ్డుపడి కామెర్లు రావచ్చును; క్లోమము వాచి ప్రాణముమీదికి రావచ్చును.

పెద్ద కోతనుండి ఒక్క గాటువరకు

పిత్తాశయమును మొట్టమొదట తీసినవాడు జర్మనీ దేశమున బెర్లిను నగరపు వైద్యుడు కార్ల్ లాంగెన్‌బుక్. అది 1882వ సంవత్సరము జులై 15వ తేదీ. అటుపిమ్మట నూరు సంవత్సరములకు పైగా ఈ ఆపరేషను డొక్క క్రింద జానెడు కోత కోసియే చేయబడెను. మన పెద్దలలో కొందరి పొట్టలపై ఆ మచ్చలు నేటికిని గలవు. 1985 సెప్టెంబరు 12న ఎరిక్ మ్యూహె అను జర్మను వైద్యుడు లాపరోస్కోపు అను గొట్టపు దుర్భిణితో పిత్తాశయమును తీసెను. 1986లో ఆయన తన పనిని వివరింపగా అచ్చటి శస్త్రవైద్య సంఘము నిరాదరించెను. అదే సంఘము 1992లో ఆయనను సత్కరించెను. 1987లో ఫ్రాన్సులోని లియాను నగరమున ఫిలిప్ మూరే దుర్భిణికి వీడియో కెమెరాను తగిలించి, తెరపై చూచుచు ఈ పని చేసెను. మన యానాముతో ఇన్ని తరముల సంబంధము గల ఫ్రాన్సు దేశమునుండియే ఈ విధానము లోకమంతట వ్యాపించినదని చెప్పవచ్చును. 2001 సెప్టెంబరు 7న జాక్ మారెస్కో అను ఫ్రెంచి వైద్యుడు న్యూయార్కులో కూర్చుండి, స్ట్రాస్‌బూర్గులోనున్న స్త్రీకి యంత్రహస్తముల ద్వారా పిత్తాశయమును తీయుట ఒక వింత. మన దేశమున 1990లో బొంబాయిలోని జె. జె. ఆసుపత్రియందు డాక్టరు టెహెంటన్ ఉద్వాడియా దీనికి నాంది పలికెను.

సాధారణ లాపరోస్కోపు పద్ధతిలో నాలుగు చిన్న రంధ్రములు చేయుదురు. బొడ్డువద్ద నొకటి, గుండెక్రింది గుంటవద్ద నొకటి, కుడిప్రక్క రెండు. ఇవి 5 మొదలు 10 లేక 12 మిల్లీమీటర్ల వెడల్పుగలవి. పొట్టను బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బించి, ఒక రంధ్రమునుండి కెమెరాను, మిగిలినవానినుండి పరికరములను పంపుదురు. పరికరములు వేరువేరు దిక్కులనుండి వచ్చుటచేత వైద్యుడు ఒక చేతితో సంచిని లాగిపట్టుకొని, రెండవ చేతితో గొట్టములను విడదీయగలడు.

ఒక్క గాటు పద్ధతిలో బొడ్డు ముడుతలలో సుమారు 2 లేక రెండున్నర సెంటీమీటర్ల గాటుపెట్టి, కెమెరాయు పరికరములును అన్నియు అందుండియే పంపుదురు. 1997లో ఇటలీ దేశపు వైద్యుడు నవారా, ఆయన సహచరులు దీనిని మొదటిసారి ప్రకటించిరి. 2008 ప్రాంతమునుండి ఇది ప్రచారమునకు వచ్చెను. ఆ సంవత్సరముననే కోయంబత్తూరులోని డాక్టరు పళనివేలు బృందము బొడ్డుద్వారా వంగెడు దుర్భిణిని పంపి పిత్తాశయమును తీసిన అనుభవమును ప్రకటించెను. ఈ గాటునకు అమర్చు ప్రత్యేకమైన మూతల ఖరీదు హెచ్చు. కొందరు వైద్యులు శస్త్రచికిత్సకు తొడుగుకొను రబ్బరు చేతితొడుగునే మూతగా బిగించి, దాని వ్రేళ్ళలోనుండి పరికరములను పంపి ఖర్చు తగ్గించిరి. గాయము మానిన తరువాత మచ్చ బొడ్డులో దాగిపోవును. ఇదియే దీని ఆకర్షణ.

ఇందలి కష్టమెక్కడ?

ఒక చిన్న ఉదాహరణమును తీసికొందము. నిలువ డబ్బాలోని వస్తువును మూతి వెడల్పుగనున్నప్పుడు రెండు చేతులు పెట్టి సులభముగ తీయుదుము. మూతి ఇరుకైనచో రెండు చేతులును ఒకదానితో నొకటి రాసుకొనును. చేయిపెట్టిన పిమ్మట లోపల ఏమున్నదో కంటికి కానరాదు. ఒక్క గాటు ఆపరేషను అట్టిది. పరికరములన్నియు సమాంతరముగ పోవుటచేత ఒకదానికొకటి తగులును. సంచిని చాలినంత లాగిపట్టుట కష్టము. గొట్టములను ప్రక్కనుండి చూచు వీలు తగ్గును.

1995లో అమెరికా వైద్యుడు స్ట్రాస్‌బర్గ్ శస్త్రవైద్యులకు ఒక నియమమును స్పష్టపరచెను. సంచి మెడవద్దనున్న త్రికోణమునందలి కొవ్వును పూర్తిగ తొలగింపవలెను. సంచి యొక్క క్రింది మూడవవంతును కాలేయమునుండి విడదీయవలెను. అప్పుడు సంచిలోనికి పోవు రెండే రెండు వస్తువులు, అనగా చిన్న గొట్టమును రక్తనాళమును మాత్రమే కనబడవలెను. ఈ మూడును తేటగ కనబడునంతవరకు దేనిని కోయరాదు. ఎన్ని రంధ్రములతో చేసినను ఈ నియమము మారదు. ఒక్క గాటునుండి ఈ దృశ్యము ఎవరియందు తేటగ కనబడునో వారే ఆ పద్ధతికి తగినవారు. తగినవారిని ఎన్నుకొనుట యనగా నిదియే.

ఎవరు తగినవారు?

మొదటిది, వాపు లేకుండవలెను. అప్పుడప్పుడు నొప్పి వచ్చి తగ్గిపోవుచు, జ్వరము లేక, స్కానింగులో సంచిగోడ పలుచగ కనబడువారు తగినవారు. నొప్పి తగ్గిన పిమ్మట నిదానముగ తేదీ నిర్ణయించుకొని చేయించుకొను ఆపరేషనుకే ఈ పద్ధతి.

రెండవది, పెద్ద గొట్టములో రాయి యున్నదను అనుమానము లేకుండవలెను. కాలేయమునకు సంబంధించిన రక్తపరీక్షలు సరిగనుండి, స్కానింగులో పెద్ద గొట్టము ఉబ్బక యుండవలెను. కామెర్లు వచ్చిపోయినవారు ఆ సంగతిని దాచక చెప్పవలెను.

మూడవది, శరీరపు లావు. దీనిని కొలుచుటకు మన పై తరగతుల పిల్లలే లెక్కకట్టగల సూత్రము గలదు. బరువును కిలోగ్రాములలోను, ఎత్తును మీటర్లలోను తీసికొని, బరువును ఎత్తు యొక్క వర్గముతో భాగింపవలెను. ఒకటిన్నర మీటర్ల ఎత్తుగల స్త్రీ 60 కిలోగ్రాములున్నచో 60ని 2.25తో భాగింపగా సుమారు 26.7 వచ్చును. ఆమెయే 80 కిలోగ్రాములైనచో 35.6 అగును. 30కి లోబడినవారిని వైద్యులు ఈ పద్ధతికి అనువైనవారుగ తలచుట సాధారణము. 35 దాటినవారిలో పొట్టగోడ మందమై, లోపలి కొవ్వు అడ్డుపడి, గాయముకూడ సరిగ కుదురుకొనదు. మిక్కిలి పొడవరులయందు బొడ్డునకును పిత్తాశయమునకును దూరము హెచ్చగుటచేత పరికరములు అందకపోవచ్చును.

నాలుగవది, పూర్వపు ఆపరేషనులు. పై పొట్టయందు కోత కోయించుకొన్నవారికి లోపల ప్రేగులు, కొవ్వుపొరలు అంటుకొనియుండవచ్చును. వారికి ఈ పద్ధతి సాధారణముగ తగదు. కాన్పు ఆపరేషను పొట్ట క్రిందిభాగమున జరుగునుగనుక అది పెద్ద ఆటంకము కాదు. కాని మన స్త్రీలలో పెక్కుమంది కాన్పు తరువాత బొడ్డు దగ్గర కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారు. అది చిన్నది గదాయని చెప్పుట మరతురు. అట్లు మరువరాదు. గాటు పెట్టునది ఆ బొడ్డువద్దనే.

ఐదవది, సాధారణ ఆరోగ్యము. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు బాగుగనుండి, మత్తును కొంచెము అధికకాలము తట్టుకొనగలవారై యుండవలెను. ఒక్క గాటు ఆపరేషను సాధారణముగ నాలుగు రంధ్రములదానికంటె ఎక్కువ సేపు పట్టును.

ఆరవది, రోగి మనస్సు. “లోపల కష్టమని తోచినచో మరియొక రంధ్రము చేయుడు, అవసరమైనచో పెద్ద కోతయే కోయుడు” అని ముందుగనే మనస్ఫూర్తిగ ఒప్పుకొనవలెను. ఇట్లు ఒప్పుకొననివారు మిగిలిన అన్ని విధముల తగియున్నను ఈ పద్ధతికి తగినవారు కారు.

ఎవరు తగనివారు?

సంచి వాచి జ్వరముతో వచ్చినవారు, కామెర్లున్నవారు, క్లోమము వాచినవారు, కాలేయము గట్టిపడి రక్తనాళములు ఉబ్బినవారు, రక్తము సులభముగ గడ్డకట్టని దోషము గలవారు, పిత్తాశయమున క్యాన్సరు అనుమానము గలవారు ఈ పద్ధతికి తగినవారు కారు. పలుమార్లు వాచి వాచి సంచి ముడుచుకొనిపోయినవారియందు చిన్న గొట్టమును పెద్ద గొట్టమును అంటుకొనిపోయి గుర్తింపరాకుండును; వారును తగరు. బొడ్డువద్ద హెర్నియా యున్నవారి సంగతిని, మిక్కిలి పెద్ద రాళ్ళున్నవారి సంగతిని వైద్యుడు చూచి తేల్చవలెను.

తగనివారనగా ఆపరేషనే చేయరాదని అర్థము కాదు. సంచి వాచినవారికి నిపుణులైన వైద్యులు కొలదిదినములలోనే నాలుగు రంధ్రముల పద్ధతిలో తీయుట నేటి ఆచారము. పెద్ద గొట్టమున రాయి యున్నచో నోటిగుండ దుర్భిణిని పంపి దానిని తీసి, పిదప సంచిని తీయుదురు. క్యాన్సరు అనుమానమున్నచో తగిన పెద్ద ఆసుపత్రికి పంపుదురు. ఒక్క గాటు కుదరలేదని ఇంటికి తిరిగివచ్చి ఊరకుండుట మాత్రము తగని పని.

లాభమెంత? నష్టమెంత?

లాభమేమనగా మచ్చ కానరాకుండుట. ఈ విషయమున ఒక్క గాటువారికి తృప్తి అధికమని పరిశోధనలు చెప్పుచున్నవి. నొప్పి తగ్గునా యనుదానిలో పరిశోధనలన్నియు ఒక్కమాట చెప్పుటలేదు. నాలుగు రంధ్రముల పద్ధతిలోను ఒకటి రెండు దినములలో ఇంటికి వెళ్ళుట మామూలేగనుక, ఇంటికి త్వరగ వచ్చుటయను లాభము చెప్పుకొనదగినది కాదు.

నష్టమును గూర్చి అంకెలు చూతము. 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 200 మందిని రెండు జట్లుగ చేసి, 119 మందికి ఒక్క గాటుతోను, 81 మందికి నాలుగు రంధ్రములతోను ఆపరేషను చేసిరి. ఏడాది గడచునప్పటికి గాటు స్థానమున హెర్నియా వచ్చినవారు మొదటి జట్టులో నూటికి 8.4, రెండవ జట్టులో నూటికి 1.2. బొడ్డు స్వతస్సిద్ధముగ పొట్టగోడలోని బలహీనస్థానము. అచ్చట పెద్ద గాటు పెట్టినప్పుడు కుట్టు మిక్కిలి జాగ్రత్తగ వేయవలెను. బరువులెత్తి జీవించువారు, వల లాగువారు, మూటలు మోయువారు ఈ సంగతిని ప్రత్యేకముగ ఆలోచింపవలెను.

రెండవ పరిశోధన 2012లో వెలువడినది. అప్పటివరకు ఒక్క గాటుతో ఆపరేషను జరిగిన 2,600 మందికి పైగా రోగుల వివరములను కూర్చి చూడగా, పెద్ద గొట్టమునకు దెబ్బతగిలినది నూటికి 0.72 వంతుగ తేలెను. సాధారణ లాపరోస్కోపు పద్ధతిలో అది నూటికి 0.4 లేక 0.5 వంతని అప్పటి లెక్క. అంకెలు చిన్నవే. కాని తగినవారిని ఏరి చేసిన తొలి సంవత్సరముల ఆపరేషనులలోనే ఇట్లుండగా, ఏరక చేసినచో ఏమగునో ఊహింపవచ్చును. కొత్త విద్యను నేర్చుకొను దినములలో పొరపాట్లు ఎక్కువగ జరుగుననునదియు దీనిలోని యొక కారణము. అందుచేత వైద్యుని అనుభవముకూడ రోగి శరీరమువలెనే లెక్కకు తీసికొనదగినది.

పెండ్లి కావలసిన పిల్లలను గూర్చి

ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము ప్రేరేపించిన సంగతి యిది. పెండ్లి కావలసిన ఆడపిల్లకు రాళ్ళు బయటపడినచో, తల్లి మొట్టమొదట అడుగునది మచ్చను గూర్చి. వరునివారికి తెలియునేమో యను భయముచేత కొందరు ఆపరేషనును వాయిదావేయుదురు. మరికొందరు వైద్యుడు వలదన్నను ఒక్క గాటే కావలెనని పట్టుపట్టుదురు. ఆ వైద్యుడు ఒప్పుకొననిచో ఒప్పుకొనువానిని వెదకుదురు.

తల్లి భయమును మేము పరిహసించుటలేదు. లోకము నోరు ఎట్టిదో మాకును తెలియును. బక్కపలుచని పిల్లకు, వాపులేని రాళ్ళకు, అనుభవజ్ఞుడైన వైద్యుడు దొరికినప్పుడు ఒక్క గాటు కోరుకొనుటలో తప్పులేదు. వయస్సులోనున్నవారు, సన్ననివారు, వాపులేనివారే దీనికి తగినవారగుటచేత ఇట్టి పిల్లలలో పెక్కుమందికి అది వీలుపడును కూడ. కాని వైద్యుడు వలదన్నచో, నాలుగు రంధ్రముల మచ్చలు ఏడాది రెండేండ్లలో సన్నని గీతలుగ మాసిపోవునని తెలిసికొనవలెను. పెద్ద గొట్టము దెబ్బతిన్న పిల్ల జీవితమంతయు ఆసుపత్రుల చుట్టు తిరుగవలసివచ్చును. పెండ్లిసంబంధము కొరకు ప్రాణమును పణముగ పెట్టరాదు. పొట్టపై నాలుగు గీతలున్నవని కాదను వరుడు మన పిల్లకు తగినవాడా యని తండ్రి ఆలోచింపవలెను. తగినవారిని ఎన్నుకొనుట వైద్యులకే కాదు, మనకును నేర్చుకొనదగిన విద్యయే.

అడుగవలసిన ప్రశ్నలు, మన భాష

వైద్యునివద్దకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది.

1. అయ్యా, ఈ రాళ్ళకు ఆపరేషను నిజముగ అవసరమా? ఇప్పుడే అవసరమా?
2. సంచి వాచియున్నదా? పెద్ద గొట్టములో రాయి యున్నదను అనుమానము గలదా?
3. మా శరీరమునకు ఒక్క గాటు అనువైనదా? కానిచో కారణమేమి?
4. తమరు ఈ పద్ధతిలో ఎన్ని ఆపరేషనులు చేసిరి?
5. లోపల కష్టమైనచో ఏమి చేయుదురు?
6. ఖర్చులో తేడా యెంత?
7. తీసిన సంచిని పరీక్షకు పంపుదురా?

చివరి ప్రశ్న ముఖ్యమైనది. తీసిన పిత్తాశయమును సూక్ష్మదర్శినితో పరీక్షింపగా అరుదుగ క్యాన్సరు బయటపడును. ఆ పరీక్షాపత్రమును తప్పక తీసికొని భద్రపరచుకొనవలెను.

వైద్యుని ఇట్లు ప్రశ్నించుట మర్యాదకాదని మన పెద్దలు సంకోచింతురు. వినయముతో అడిగిన ప్రశ్నకు మంచి వైద్యుడు కోపింపడు. “మీకు ఒక్క గాటు తగదు” అని నిర్మొగమోటముగ చెప్పు వైద్యుడే మనకు ఆప్తుడు. ఒకటి ప్రారంభించి, కష్టమని తోచి రెండవ రంధ్రము చేసిన వైద్యుని ఓడిపోయినవానిగ చూడరాదు. అతడు మన బిడ్డ పెద్ద గొట్టమును కాపాడినవాడు.

ఇక భాష సంగతి. పుదుచ్చేరి ప్రదేశమంతటిలో మనము సంఖ్యయందు కొలదివారము. 1823లో ఫ్రెంచివారు స్థాపించిన వైద్య పాఠశాలకు వారసురాలై, 1964నుండి జిప్మర్ అను పేర ప్రసిద్ధికెక్కిన గొప్ప ఆసుపత్రి పుదుచ్చేరిలో గలదు. కాని అది మనకు 800 కిలోమీటర్లకు పైగా దూరము, అచ్చటి వ్యవహారభాష తమిళము. 2024 ఫిబ్రవరి 25న మన యానాములోనే జిప్మర్ వారి 90 పడకల విభాగము ప్రారంభింపబడుట మనకు సంతోషకరము. సమీపమున కాకినాడలో 1958లో స్థాపింపబడిన రంగరాయ వైద్య కళాశాలయు, దాని ప్రభుత్వ ఆసుపత్రియు గలవు. ఎచ్చటికి పోయినను ఆపరేషనుకు ముందు ఒక అంగీకార పత్రముపై సంతకము చేయవలసియుండును. అది ఇంగ్లీషులోనో తమిళములోనో ఉన్నచో, “తెలుగున చదివి వినిపించుడు, అర్థమైన పిదప సంతకము చేయుదుము” అని అడుగుట మన హక్కు. 1965నాటి పుదుచ్చేరి అధికారభాషా చట్టము యానామున తెలుగు వాడుకకు చోటిచ్చినది. ఆ చోటును ఉపయోగించుకొనవలసినవారము మనమే. అర్థముకాని కాగితముపై చేసిన సంతకము అంగీకారము కానేరదు.

తలిదండ్రులారా! ఇంటిలో ఎవరికైనను విందు తినిన రాత్రులయందు కుడి డొక్కలో నొప్పి వచ్చుచున్నచో గ్యాసుమాత్రలతో కాలక్షేపము చేయక, ఆరు గంటలు ఏమియు తినక ఉదయమున స్కానింగు చేయింపుడు. చలితో జ్వరముగాని, కండ్లు పచ్చబడుటగాని, గంటల తరబడి తగ్గని నొప్పిగాని వచ్చినచో ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపొండు. ఈ పుటలను ఇంటియందలి ఆడవారికి చదివి వినిపింపుడు. చదువనేర్చిన పిల్లలచేతనే చదివింపుడు. వారు తెలుగు నేర్చినందులకు ఇట్టి వేళ ఇంటికి ఉపకరించినచో పాఠశాలకు అంతకంటె కావలసినది లేదు.